రేకుకి పెంకు ముఖం

పోస్టు కాస్త పెద్దది. పొలం పని అయ్యాక, ఓపిగ్గా కూర్చుని చదవండి. ఈ ఏడాది ఇంటి కప్పు మార్చే ఆలోచన ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

మాది పామర్రు దగ్గర పల్లెటూరు. మా తాత కట్టించిన పెంకుటిల్లు ఒకటుంది. అందులో మా అమ్మ ఉంటుంది. మేం పక్కనే డాబాలో ఉంటాం. ఎన్నిసార్లు పిలిచినా ఆవిడ డాబాలోకి రాదు. "ఆ ఉక్కలో నాకు నిద్ర పట్టదు, నన్నిలా ఉండనివ్వండి" అంటుంది. చిక్కల్లా ఆ పెంకులతోనే. కోతులు మందలుగా వచ్చి కప్పు మీద గెంతుతున్నాయి. వారానికి నాలుగైదు పెంకులు పగులుతున్నాయి. వాన వస్తే అమ్మ మంచం ఈ మూల నుంచి ఆ మూలకి జరుగుతుంది. పెంకు సర్దే మనిషి ఒకాయన ఉండేవాడు, ముసలాయన అయిపోయాడు. ఇప్పటి కుర్రాళ్ళకి ఆ పని రాదు, వచ్చినా కప్పు ఎక్కరు.

రేకుల కొట్టుకి వెళ్ళి అడిగితే కొట్టాయన ఒక ముక్క చూపించాడు. ఎర్రటి రంగు రేకు, మెట్లు మెట్లుగా, అచ్చం మంగుళూరు పెంకులు వరసగా పేర్చినట్టే ఉంది. "పెంకు డిజైన్ రేకండీ. రోడ్డు మీంచి చూస్తే పెంకుటిల్లే. కోతి గెంతినా ఏం కాదు" అన్నాడు.

అదే వారంలో మా మేనమామ కొడుకు కాలిఫోర్నియా నుంచి వీడియో కాల్ చేశాడు. పాతికేళ్ళుగా అక్కడే ఉన్నాడు. వాళ్ళింటి కప్పు మారుస్తున్నారట, చూపించాడు. ముదురు గోధుమ రంగులో, గొడ్డలితో చీల్చిన చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టుంది. "ఇంత డబ్బు పెట్టి చెక్క వేయిస్తున్నావేంటి బావా, చెదలు పట్టదా?" అన్నాను. నవ్వాడు. "చెక్కా? కాదు బావా, రేకు!"

ఇక్కడ రేకు పెంకు వేషం కట్టింది, అక్కడ రేకు చెక్క వేషం కట్టింది. ఎందుకలా? రేకు రేకులాగే ఉంటే ఏం పోయింది? ఆ ప్రశ్న పట్టుకుని కొంచెం వెనక్కి వెళ్ళాను. చివరికి మా అమ్మ ఇంటి కప్పు సంగతి కూడా అక్కడే తేలింది.

ముందు బావ వాళ్ళ ఊరి సంగతి. అమెరికా పడమటి తీరంలో సీడార్ అనే చెట్టు ఉంది, మన దేవదారు లాంటిది. దాని మొద్దుని నిలువునా చీలిస్తే పలకలు వస్తాయి. రంపంతో కొయ్యకుండా చీల్చిన ఆ పలకల్ని షేక్స్ అంటారు. అడవి పక్కనే ఉన్నవాళ్ళకి చేతికందిన సరుకు అది, మనకి తాటాకు ఎలాగో అలాగ. తేలిక, నీరు నిలవదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఎండి ఎండి, అగ్గిపుల్ల అయిపోతుంది. 1923 సెప్టెంబరు 17న బర్కిలీ ఊరి వెనక కొండల్లో అంటుకున్న మంట గాలికి ఊళ్ళోకి దిగింది. నిప్పురవ్వలు ఒక చెక్క కప్పు మీంచి ఇంకో చెక్క కప్పు మీదకి ఎగిరి, కొన్ని గంటల్లోనే దాదాపు 600 ఇళ్ళు బూడిదయ్యాయి. 1991 అక్టోబరులో పక్కనే ఓక్లాండ్ కొండల్లో మళ్ళీ అలాంటిదే. ఈసారి 25 మంది చనిపోయారు, వేల ఇళ్ళు పోయాయి. ఆ తర్వాత అక్కడ నిప్పు అంటుకోని కప్పే వెయ్యాలని నిబంధనలు గట్టిపడ్డాయి.

కానీ చెక్క కప్పు చూసి చూసి అలవాటైన కళ్ళు కదా. ఇల్లంటే అలాగే ఉండాలనిపిస్తుంది. అందుకని ఉక్కు రేకుని అచ్చులో నొక్కి, చెక్క ఈనెలు కూడా కనపడేలా చేసి, పైన రంగో, రాతి రవ్వో అద్ది అమ్ముతున్నారు. రాతి రవ్వ అద్దిన ఉక్కు పెంకులు 1950ల్లోనే న్యూజిలాండ్‌లో మొదలయ్యాయి. అంటే నిప్పుకి భయపడి చెక్కని వదిలేశారు, మనసు చంపుకోలేక దాని బొమ్మని ఉంచుకున్నారు.

ఇదేదో అమెరికా వాళ్ళ సరదా అనుకోకండి. ఈ పని మనవాళ్ళు రెండు వేల ఏళ్ళ కిందటే చేశారు. మీలో చాలామంది చూసే ఉంటారు. ఏలూరు నుంచి కామవరపుకోట వైపు వెళ్తే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలు ఉన్నాయి. క్రీస్తు పుట్టక ముందు నుంచీ బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. అక్కడ కొండలో తొలిచిన గుండ్రటి చైత్యం ఒకటుంది, మధ్యలో స్తూపం. ఊళ్ళోవాళ్ళు దాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. ఈసారి వెళ్తే దణ్ణం పెట్టుకున్నాక తల పైకెత్తి చూడండి. పైన రాతిలో వాసాలు చెక్కి ఉంటాయి! గొడుగు ఊచల్లా నడి మధ్య నుంచి చుట్టూతా దిగుతాయి. గుమ్మం పైన కూడా చెక్క దూలాల కొసలు బయటికి పొడుచుకొచ్చినట్టు చెక్కారు. బీహారులో బరాబర్ కొండల మీద మౌర్యుల కాలం నాటి లోమస ఋషి గుహ గుమ్మం కూడా ఇదే పద్ధతి.

ఆలోచించండి. కొండని తొలిచిన గదికి వాసాలెందుకు? అవి ఏ బరువూ మొయ్యవు. అవి లేకపోయినా కప్పు పడిపోదు. కానీ ఆ శిల్పి పుట్టి పెరిగింది గుండ్రటి గడ్డి ఇంట్లో. భిక్షువులు వానాకాలం తలదాచుకున్నదీ అలాంటి పాకల్లోనే. వాళ్ళకి ఇల్లంటే అదే, గుడంటే అదే. సరుకు రాయికి మారింది గానీ, ముఖం మాత్రం గడ్డి ఇంటిదే ఉంచారు.

ఆ గుండ్రటి ఇల్లు మన కోస్తాలో నిన్న మొన్నటి దాకా ఉంది. చుట్టిల్లు అంటాం. గుండ్రటి మట్టి గోడ, నడుమ నుంచి నాలుగు పక్కలా జారే కప్పు, చూరు నడుం ఎత్తుదాకా కిందకి దిగి ఉంటుంది. వంగి లోపలికి వెళ్ళాలి. అదేదో తెలివితక్కువ వల్ల కాదండీ. తుపాను గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా కొట్టడానికి దానికో అడ్డ గోడ దొరకదు. చూరు కిందకి ఉంటే గాలి లోపల దూరి కప్పుని లేపలేదు, వాన మట్టి గోడని తడపదు. వైశాఖంలో కూడా లోపల చల్లగా ఉంటుంది. జానెడు మందం తాటాకు, దాని మధ్య మధ్య గాలి. దాన్ని మించిన ఎండ కాపు ఇవాళ్టికీ చవకలో లేదు.

మరి తాటాకు అంత మంచిదైతే ఎందుకు వదిలేశాం? రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ కప్పించాలి. గట్ల మీద తాటిచెట్లు కొట్టేశాక ఆకే కరువైంది. అసలు కారణం మాత్రం నిప్పు. మా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే అమ్మలు పొయ్యిలో నిప్పు చుక్క లేకుండా ఆర్పి గానీ పొలానికి వెళ్ళేవాళ్ళు కాదు. పడమటి గాలిలో ఒక ఇల్లు అంటుకుంటే వరసకి వరస పోయేది. ఆపడానికి ఒకటే దారి, పక్కింటి కప్పు లాగి పారెయ్యడం. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడనే సామెత ఊరికే పుట్టలేదు. "కొంప అంటుకుందా ఏంటి అంత తొందర" అని ఇప్పటికీ డాబాల్లో కూర్చుని అంటున్నామంటే, ఆ భయం మాటల్లో ఎంతగా ఇంకిపోయిందో చూడండి.

రెండోది నీరు. 1864 నవంబరు 1న బందరు మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని చరిత్ర. మా అమ్మకి తెలిసింది 1977 నవంబరు 19. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. ఐదారు మీటర్ల ఉప్పెన వచ్చి పడింది. ప్రభుత్వ లెక్కలో చూసినా పోయినవాళ్ళు పదివేలకు దగ్గర, అసలు ఇంకా ఎక్కువే అంటారు. మా మేనమామ, అంటే ఈ బావ వాళ్ళ నాన్న, చెప్పేవాడు: "గోడలు పంచదార పలుకుల్లా కరిగిపోయాయిరా. కప్పు మాత్రం విడిపోయి తెప్పలా తేలింది. దాన్ని పట్టుకునే తాటిచెట్టు దాకా కొట్టుకెళ్ళా." తాటాకు కప్పు ఆయన్ని బతికించింది. అదే ఇంట్లో నలుగుర్ని కాపాడలేకపోయింది. ఆ తర్వాత తీరం పొడుగునా తుపాను షెల్టర్లు లేచాయి, పక్కా ఇల్లు అనే మాట అందరి నోటా నలిగింది. పాకలో ఉండటం పేదరికమే కాదు, ప్రమాదం కూడా అని జనానికి గట్టిగా తెలిసొచ్చింది.

పాకకీ డాబాకీ మధ్య వచ్చింది పెంకు. మన కుమ్మరులు చేసే గూన పెంకు ఎప్పటి నుంచో ఉంది. మంగుళూరు పెంకు కథ వేరు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషన్ మనిషి, జార్జ్ ప్లెబ్‌స్ట్ అనే జర్మన్ ఆయన, 1865లో మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టాడు. నది ఒడ్డు బంకమట్టిని మరలో నొక్కి, బట్టీలో కాల్చి, ఒకదాని అంచు ఒకదాంట్లో ఇరుక్కునేలా చేశాడు. ఆ సరుకు ఓడలెక్కి దేశమంతా, దేశం దాటి కూడా వెళ్ళింది. మన డెల్టాలో కృష్ణ మీద ఆనకట్ట 1855కి పూర్తయింది. కాలవ నీళ్ళతో వరి పండి నాలుగు డబ్బులు చేరినవాళ్ళు ముందు మార్చింది ఇంటి కప్పే. "పెంకుటింటోళ్ళు" అంటే సంబంధం కుదిరిపోయే రోజులవి. మా తాత కూడా రెండు పంటల డబ్బు పోసి ఈ ఇల్లు కట్టించాడట.

ఆ తర్వాత రేకు. ఇనప రేకుని అలలు అలలుగా వంచితే సన్నగా ఉన్నా వంగిపోదని కనిపెట్టి, 1829లో లండన్ రేవు గోడౌన్ల కోసం పేటెంట్ తీసుకున్నాడు హెన్రీ పామర్ అనే ఇంజనీరు. 1837లో ఫ్రాన్స్ ఆయన సోరెల్ తుప్పు పట్టకుండా జింకు పూత పద్ధతికి పేటెంట్ పొందాడు. మన రైసు మిల్లులు, గోడౌన్లు, టూరింగ్ టాకీసులు ఆ జింకు రేకుల కిందే పుట్టాయి. దాని వెనకే సిమెంటు రేకు. ఆస్ట్రియాలో హాట్‌షెక్ కనిపెట్టిన పద్ధతి, సిమెంటులో ఆస్బెస్టాస్ నార కలిపి చేస్తారు. మన దగ్గర 1946లో హైదరాబాదులో పెట్టిన కంపెనీ చార్మినార్ పేరుతో అమ్మింది. ఊళ్ళల్లో ఇప్పటికీ కొందరికి సిమెంటు రేకంటే చార్మినార్ రేకే. చవక, తుప్పు పట్టదు, నిప్పు అంటుకోదు. కోళ్ళ ఫారాల నుంచి పేదల ఇళ్ళ దాకా కప్పేసింది. అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెబుతోంది. మీ ఇంట్లో ఉంటే కంగారు పడకండి, కదపకుండా ఉంటే దుమ్ము రాదు. కొయ్యడం, డ్రిల్లు వెయ్యడం, పగలగొట్టడం మాత్రం వద్దు. తీయాల్సి వస్తే బాగా తడిపి, మంచి మాస్కు పెట్టుకున్న మనుషులతో అలాగే నిండు రేకుగా దింపించండి.

ఇంతకీ నేను గమనించింది ఇది. పాకని ముద్దుగా తలుచుకుంటాం, పెంకుటిల్లుని గొప్పగా చెప్పుకుంటాం. రేకుని మాత్రం ఎవరూ ప్రేమించలేదు. "రేకుల షెడ్డులో ఉంటున్నారు" అని జాలిగానో, చులకనగానో అంటాం. గొడ్లకి, కోళ్ళకి, కూలీలకి వేసింది అది. అందుకే రేకు బాగుపడి, రంగులద్దుకుని మన నడింట్లోకి రావాలనుకున్నప్పుడు దానికి ఒక మర్యాదస్తుడి ముఖం కావాల్సి వచ్చింది. అమెరికాలో ఆ ముఖం చెక్కది, మన దగ్గర పెంకుది. హైవే మీద హోటళ్ళు చూడండి, ఇప్పుడు ప్లాస్టిక్ తాటాకు కప్పుతున్నారు. నిజం తాటాకు వేసుకున్నవాడు సిగ్గుపడి తీసేస్తే, దాని బొమ్మని డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం.

వేషంలో తప్పేం లేదండీ. గుంటుపల్లి శిల్పిని తప్పు పట్టగలమా? కానీ ఒక తేడా ఉంది. ఆయన గడ్డి కప్పు రూపాన్ని రాతిలో చెక్కినప్పుడు, కొండ రాయి దాని చల్లదనం అది ఇచ్చింది. మన రేకు పెంకు రూపాన్ని తెచ్చుకుంది గానీ, పెంకు చేసే పని తెచ్చుకోలేదు. ఇదీ నేను చెప్పాలనుకున్న అసలు మాట.

లెక్క చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు కప్పుకి మంగుళూరు పెంకైతే సుమారు 400 కిలోల బరువు. అర మిల్లీమీటరు రేకైతే 40, 50 కిలోలు. ఆ 400 కిలోల మట్టి పొద్దున్నుంచి ఎండని తాగుతూ నెమ్మదిగా వేడెక్కుతుంది. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది. రేకులో ఆ మట్టీ లేదు, ఆ సందులూ లేవు. ఎండ కొట్టిన పది నిమిషాలకి పెనం అయిపోతుంది. పైగా పెంకులా కనపడాలని ఎర్ర రంగు, చెక్కలా కనపడాలని గోధుమ రంగు వేస్తారు. ముదురు రంగు ఎండని ఇంకా లాగుతుంది. అంటే వేషం కోసం వేసిన రంగే మా అమ్మ నెత్తిన కుంపటి పెడుతుంది. మన విజయవాడ మే నెల ఎండలో అది చిన్న విషయం కాదు. డాబా ఉక్కకే భయపడే మనిషి ఆ రేకు కింద ఏమైపోతుంది?

ఇక గాలి. ఇంజనీర్లు కప్పు లెక్క కట్టేటప్పుడు విజయవాడకి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బలం చూపిస్తుంది. మన రేకు బరువు అంత జాగాకి నాలుగైదు కిలోలే. రేకుని పట్టి ఉంచేది బరువు కాదు, స్క్రూలు. చూరు, మూలలు, వెన్ను దగ్గర గాలి ఇంకా ఎక్కువగా లాగుతుంది. అక్కడ స్క్రూలు పొదుపు చేస్తే, తుపానులో ఆ రేకు కత్తిలా ఎగిరి పక్కింటోడి మీద పడుతుంది. పెంకులూ లేచిపోతాయి, కాదనను. ఒకటీ రెండూ పోతే మళ్ళీ పెట్టుకుంటాం. రేకు పోతే నిలువునా పోతుంది.

మరి నేనేం చేశాను? రేకే వేయిస్తున్నాను. కోతుల ముందు వేరే దారి కనపడలేదు. కానీ పెంకు డిజైన్ వద్దన్నాను. అల్యూమినియం, జింకు కలిపిన పూత ఉన్న, లేత రంగు రేకు తీసుకున్నాను. ఈ పూత అమెరికాలో 1972 నుంచి మార్కెట్లో ఉంది, ఉత్త జింకు పూత కంటే ఎక్కువ కాలం ఉంటుంది. రేకు కింద జానెడు ఖాళీ వదిలి, దాని కింద సీలింగ్. వెన్ను దగ్గర, చూరు దగ్గర గాలి ఆడేలా సందులు, వాటికి కోతి దూరకుండా జాలీ. అంచుల్లో, మూలల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా. పాత దూలాలు, వాసాలు పుచ్చిపోయినవి మార్చి, గోడకి ఇనప పట్టీలతో బిగిస్తున్నారు. చూరు పాత ఇంటి కొలతే, కురచ చెయ్యనివ్వలేదు. మీరు పెంకు డిజైనే ముచ్చటపడితే వేసుకోండి, అందంగానే ఉంటుంది. కానీ లేత రంగు అడగండి, కింద ఖాళీ అడగండి. కొట్టువాడు రూపం అమ్ముతాడు, గుణం మనం అడిగి చేయించుకోవాలి.

ఈ మాట బావకి చెప్తే, "మాకూ కింద గాలి ఖాళీ వదిలే వేస్తున్నారు బావా, లేకపోతే వేసవిలో ఉడికిపోతాం" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, "నాన్న పట్టుకుని తేలింది ఏ కప్పో అత్తకి గుర్తుందా?" అని అడిగాడు. ఫోను అమ్మకి ఇచ్చాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

తీసిన పెంకుల్లో బాగున్నవి ఏరితే వరండాకి సరిపడా వచ్చాయి. వరండా మీద అవే వేయిస్తున్నాను. కోతులు పగలగొడితే పగలగొట్టనీ, అమ్మ మధ్యాహ్నం మంచం వేసుకునేది అక్కడే. మిగిలిన పెంకులు దొడ్లో పేర్చి ఉంచాను, సర్దడం ఆ ముసలాయన దగ్గర నేనే నేర్చుకుంటున్నాను.

మీ ఇంటి మీద ఏ కప్పు ఉంది, దానికి ముందు ఏముండేది? ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒకసారి అడగండి. కప్పు గురించి అడిగితే ఇంటి చరిత్ర అంతా చెప్తారు.